రెటీనాకి స్టెమ్ సెల్స్ ఇంజెక్షన్: తమ్ముడికి చేయించాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి

దీపిక, మలికిపురం

అందరికీ నమస్కారమండి. మా తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. చిన్నప్పటి నుంచీ రేచీకటి. దీపాలు పెట్టే వేళ దాటితే వీధి అరుగు మెట్లు కూడా కాలితో తడుముకుంటూ దిగేవాడు. విటమిన్ తక్కువేమోనని మాత్రలు మింగించాం. ఇంటర్‌లో ఉండగా కాకినాడ తీసుకెళ్తే రెటినైటిస్ పిగ్మెంటోసా, ఆర్‌పీ అన్నారు. మందు లేదన్నారు. ఇప్పుడు పట్టపగలు కూడా పక్కనుంచి వచ్చే బండి కనపడదు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం, ఫోన్‌లో అక్షరాలు మాత్రం బాగానే కనపడతాయి. మా అమ్మానాన్నలది మేనరికం.

మా ఆయన కువైట్‌లో ఉంటారు. అక్కడెవరో చూపించారని ఒక వీడియో పంపారు. పొట్ట దగ్గర కొవ్వు తీసి, అందులోంచి స్టెమ్ సెల్స్ (వేరే కణాలుగా ఎదగగల మూలకణాలట) వేరుచేసి, అదే రోజు రెండు కళ్లలోనూ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తారట. ఆరు లక్షలట. నాన్న కొబ్బరితోట తాకట్టు పెడతానంటున్నారు. వచ్చే వారం అడ్వాన్సు కట్టాలట. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది నిజంగా పనిచేస్తుందా? చేయించకపోతే ఉన్న కాస్త చూపూ పోతుందేమోనని భయం, చేయిస్తే ఏమవుతుందోనని భయం.

రొయ్యల రైతు, ఆకివీడు

అమ్మా, తోట కాగితాలు మాత్రం బీరువాలోంచి బయటికి తీయకండి. అడ్వాన్సు ఆపండి. ఇక్కడ చదువుకున్నవాళ్లు ఉన్నారు, చెబుతారు.

కణం, మండపేట (ఇప్పుడు హైదరాబాద్)

దీపిక అక్కా, నేను రెటీనా కణాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. డాక్టర్ని కాదు, ల్యాబ్‌లో పనిచేసేవాణ్ని. ముందుగా మీ ప్రశ్నకి జవాబు: ఆ ఇంజెక్షన్ చేయించకండి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, నాన్నగారికి చదివి వినిపించండి.

రెటీనా అంటే కంటి వెనక గోడకి అంటుకుని ఉండే పల్చటి పొర. మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో వెలుతురుని పట్టే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో, పక్క చూపులో పనిచేసే రాడ్స్ సుమారు 12 కోట్లు. రంగులు, చదువు, ముఖాలు గుర్తుపట్టడం కోన్స్ పని, అవి సుమారు 60 లక్షలు. ఎక్కువమందిలో ఆర్‌పీ ముందు రాడ్స్‌ని తినేస్తుంది. మీ తమ్ముడికి రేచీకటితో మొదలై పక్క చూపు పోవడం, ముఖాలూ అక్షరాలూ నిలవడం అందుకే.

ఈ కణాల వెనక ఆర్‌పీఈ అని నల్లటి రంగు కణాల పొర ఒకటి ఉంటుంది. వెలుతురు పట్టే కణాలకి తిండి పెట్టేది, చెత్త ఎత్తేది అదే. మన ప్రాంతం మాటల్లో చెప్పాలంటే రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే ఏరియేటర్ లాంటిది. కరెంటు పోయి రాత్రంతా ఏరియేటర్లు ఆగితే రొయ్య ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. సమయానికి కొత్త ఏరియేటర్ పెడితే బతికున్న రొయ్య కోలుకుంటుంది. చచ్చిపోయింది మాత్రం తిరిగి రాదు.

ప్రపంచంలో ఇప్పటిదాకా మనుషుల రెటీనాలో స్టెమ్ సెల్స్‌తో జరిగిన మంచి పనిలో ఎక్కువ భాగం ఈ ఏరియేటర్ మార్చడమే. జపాన్‌లో యమనాకా షిన్యా అనే ఆయన 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో ఒక సంగతి నిరూపించారు. మామూలు చర్మ కణంలోకి నాలుగు జన్యువులు పంపితే అది పిండదశ కణం లాగా మారిపోతుంది. వాటినే ఐపీఎస్ కణాలంటారు. దానికి 2012లో నోబెల్ వచ్చింది. తర్వాత 2014 సెప్టెంబరులో కోబేలో తకహాషి మసాయో బృందం డెబ్బై దాటిన ఒక పెద్దావిడ చర్మం నుంచి ఐపీఎస్ కణాలు చేసి, వాటిని ఆర్‌పీఈగా పెంచి, 1.3 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల పొడవున్న పొరని ఆవిడ కంట్లో పెట్టారు. చూపు పెరగలేదు, అలాగని తగ్గనూ లేదు. పొర నిలబడింది, గడ్డలు రాలేదు. రెండో మనిషికి తయారుచేసిన కణాల్లో జన్యు మార్పులు కనపడగానే ఆపరేషన్ ఆపేశారు. ఆ ఆపడం చూస్తే నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. మీకు చెప్పిన క్లినిక్‌లో ఉదయం కొవ్వు తీసి సాయంత్రానికి కంట్లో వేస్తున్నారంటే, ఆ కణాలేమిటో, వాటిలో ఏముందో చూసేవాళ్లెవరు?

లండన్‌లో 2018లో ప్రకటించిన ఫలితం ఇంకా బాగుంది. తడి రకం ఏఎండీతో (వయసు మీదపడ్డాక రెటీనా నడిమధ్య భాగం పాడయ్యే జబ్బు) ఉన్నట్టుండి చూపు పోయిన ఇద్దరికి పిండ స్టెమ్ సెల్స్‌తో చేసిన ఆర్‌పీఈ ముక్క పెట్టారు. నిమిషానికి రెండు మాటలు కూడా చదవలేని ఒకరు ఏడాది తర్వాత 80 దాటి చదివారు. అసలు చదవలేని రెండోవారు 47 దాకా వచ్చారు. కానీ వాళ్లకి చూపు పోయి వారాలే అయింది, వెలుతురు పట్టే కణాలు ఇంకా బతికే ఉన్నాయి. అసలు కిటుకు అక్కడుంది.

కళ్లజోడు, కాకినాడ

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, రెటీనా ఓపీలో పని. దీపిక గారూ, మీరు రాసిన పద్ధతే అమెరికాలో ఫ్లోరిడాలో జరిగింది. 2017లో పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. ఏఎండీ ఉన్న ముగ్గురు ఆడవాళ్లు, 72 నుంచి 88 ఏళ్ల మధ్య. పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలు, రెండు కళ్లలోనూ ఒకే రోజు. ఒక్కొక్కరి దగ్గరా 5,000 డాలర్లు తీసుకున్నారు. వెళ్లేటప్పుడు ముగ్గురికీ పనులు చేసుకునేంత చూపు ఉంది. కొన్నాళ్లకే కళ్లలో రక్తం, ప్రెషర్, రెటీనా ఊడిపోవడం. ఏడాది తర్వాత చూస్తే ఒకావిడకి వెలుతురు కూడా తెలియడం లేదు. కొవ్వు నుంచి తీసిన కణాలు కంటి లోపలి జిగురులో పడితే పీచులా గట్టిపడి రెటీనాని లాగేయగలవు.

నిజమైన ట్రయల్‌లో మొదట ఒక్క కన్నే ముట్టుకుంటారు, అదీ ఎక్కువ పాడైపోయిన కన్ను. రెండూ ఒకేసారి అన్నారంటే అక్కడే లేచి వచ్చేయాలి.

సుబ్బారావు, భీమవరం

మీరందరూ చదువుకున్నవాళ్లు, కాదనను. కానీ మా పెద్దనాన్నగారికి పోయినేడు ఇలాంటి ఇంజెక్షనే చేయించాం. పొడి రకం ఏఎండీ. నెల రోజులు బాగా కనపడిందన్నారు, గోడ మీద క్యాలెండర్ చదివారు. తర్వాత మళ్లీ మామూలే. ఇంకో డోసు వేస్తే నిలబడుతుందని క్లినిక్‌వాళ్లు అన్నారు. ఇంగ్లాండు, జపాను కథలు చెబుతారు గానీ అవి మన పల్లెటూళ్లకి ఎప్పుడొస్తాయి? అప్పటిదాకా పెద్దాయన చీకట్లో కూర్చోవాలా? ఆశ పెట్టుకోవడం కూడా తప్పేనా?

కళ్లజోడు, కాకినాడ

తప్పు కాదండి సుబ్బారావు గారూ. మీ బాధ రోజూ చూస్తూనే ఉంటాను. అయితే ఒక్క మాట. ఆ నెలలో ఓసీటీ, అంటే రెటీనా పొరల్ని చూపించే స్కాన్ తీశారా? అంతకుముందు తీసిన స్కాన్‌తో పోల్చారా? ఏఎండీలో నడిమధ్య చూపు పోతుంది కాబట్టి కొందరు తల కాస్త పక్కకి తిప్పి, పాడవని చోటుతో చూడడం నేర్చుకుంటారు. ఆశతో శ్రద్ధగా చూస్తే ఇంకో రెండు అక్షరాలు దొరుకుతాయి. పెద్దనాన్నగారు అబద్ధం ఆడారని నేనడం లేదు, ఆయనకి నిజంగానే కనపడి ఉంటుంది. కానీ కణాలు మొలిచి కనపడిందనడానికి ఆధారం స్కాన్‌లో ఉండాలి. రెండో డోసు వేయించే ముందు ఒక రెటీనా స్పెషలిస్టుకి ఆ కళ్లు చూపించండి, దయచేసి. ప్రెషర్, లోపల పీచు పొరలు ఉన్నాయేమో చూస్తారు.

రొయ్యల రైతు, ఆకివీడు

కణం బాబూ, ఏరియేటర్ సంగతి నాకు బాగా ఎక్కింది. మరి రొయ్య చచ్చిపోయిన చెరువులో కొత్త పిల్ల వేస్తాం కదా. అలా వెలుతురు పట్టే కణాలనే ల్యాబ్‌లో పెంచి కంట్లో వేయకూడదా?

కణం, మండపేట (ఇప్పుడు హైదరాబాద్)

అన్నా, మా ల్యాబుల్లో రాత్రీ పగలూ నడిచే ప్రశ్న అదే. పెంచడం వరకూ వచ్చేసింది. 2011లో జపాన్‌లో ససాయి యోషికి బృందం ఎలుక పిండ కణాలని జిగురు లాంటి ద్రవంలో వదిలితే, ఎవరూ ఆకారం చెప్పకుండానే అవి గిన్నెలా ముడుచుకుని రెటీనా పొరలు కట్టుకున్నాయి. మరుసటి ఏడాదే మనిషి కణాలతోనూ సాధ్యమైంది. ఇప్పుడు మనిషి రెటీనా ముద్దలు డిష్‌లో పెంచడం చాలా ల్యాబుల్లో మామూలు పని. కాకపోతే నెలల తరబడి ఓపిక కావాలి. మైక్రోస్కోప్ కింద చూస్తే అంచున పల్చగా, మెరుస్తున్నట్టు ఒక పట్టీ కనపడుతుంది. కాబోయే రాడ్స్, కోన్స్ అందులోనే ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

అసలు కష్టం కంట్లో వేశాక మొదలవుతుంది. కొత్త కణం ఊరికే బతికితే చాలదు. పక్కనున్న నాడీ కణంతో కనెక్షన్ కలుపుకోవాలి, ఆ సంకేతం మెదడు దాకా వెళ్లాలి. ఎలుకల్లో చూపు తిరిగొచ్చిందని చాలా ఏళ్లు సంబరపడ్డాం. 2016లో రెండు మూడు బృందాలు తరచి చూస్తే, వేసిన కణాలు చాలావరకు రెటీనాలో కలవలేదు. బయటే ఉండి తమలోని ప్రొటీన్లని పాత కణాలకి అందించాయి. వేసిన కణాలకి మేం పెట్టిన రంగు గుర్తు కూడా అలాగే పాకడంతో పాత కణాలే కొత్తవని పొరబడ్డాం. పాత కణం బతికుంటే అదీ ఉపకారమే. కానీ అది మార్పిడి కాదు. ఈ నిజం బయటపెట్టింది కూడా ఇదే పనిలో ఉన్న శాస్త్రవేత్తలే.

2020లో మొదలుపెట్టి కోబేలోనే ఆర్‌పీ ఉన్న ఇద్దరికి ఐపీఎస్ కణాల నుంచి పెంచిన రెటీనా పొరలు పెట్టారు. ప్రమాదం లేదని తేల్చడానికి చేసిన మొదటి ప్రయత్నం అది. పొరలు రెండేళ్లు నిలకడగా ఉన్నాయి. చూపు తెచ్చిందని ఎవరూ చాటుకోలేదు.

మీరు చేపలూ పెంచుతారు కాబట్టి ఇంకో సంగతి. జీబ్రా ఫిష్ అని మన దేశపు నీళ్లలోనే పుట్టిన చిన్న చేప ఉంది. దాని రెటీనా దెబ్బతింటే ముల్లర్ గ్లియా అనే కణాలు మళ్లీ విభజన చెంది కొత్త రాడ్స్, కోన్స్ పుట్టిస్తాయి. చేపకి చూపు తిరిగొస్తుంది. ఆ ముల్లర్ కణాలు మనకీ ఉన్నాయి, అయితే దెబ్బ తగిలితే మచ్చ కడతాయే తప్ప కొత్త కణాలని పుట్టించవు. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం ఒక జన్యువుని తట్టిలేపి ఎలుకల్లో వాటితో కొన్ని నాడీ కణాలు పుట్టించింది. బయటి కణమే అక్కర్లేకుండా కన్ను తనని తాను బాగుచేసుకునే దారి అది. దూరమే, కానీ నాకు ఎక్కువ ఇష్టమైన దారి.

గోదారి గట్టు, కొవ్వూరు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో స్టెమ్ సెల్స్‌తో చూపు తెప్పించారని పేపర్లో చదివాను కదా? అది వేరా? మా అమ్మకి షుగర్ వల్ల రెటీనా దెబ్బతింది, ఆవిడకి పనికొస్తుందా?

కళ్లజోడు, కాకినాడ

వేరేనండి. అది కంటి ముందుండే నల్లగుడ్డు, కార్నియా సంగతి. సున్నం, యాసిడ్ లాంటివి పడి కార్నియా చుట్టూ ఉండే స్టెమ్ సెల్స్ కాలిపోయినవాళ్లకి, రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి పెంచి అతికిస్తారు. ఎల్వీ ప్రసాద్‌లో 2001 నుంచీ చేస్తున్నారు, వందలమందికి మేలు జరిగింది. ఆ మంచి పేరునే రెటీనా ఇంజెక్షన్లు అమ్మేవాళ్లు వాడుకుంటున్నారు. కార్నియా పైపొర, రెటీనా నాడీ పొర. రెండింటికీ పోలికే లేదు.

అమ్మగారికి స్టెమ్ సెల్స్ ఆలోచన వద్దు. షుగర్ రెటీనాకి ఉన్న వైద్యమే బాగా పనిచేస్తుంది: లేజర్, కంట్లో వేసే యాంటీ వీఈజీఎఫ్ ఇంజెక్షన్లు, అవసరమైతే సర్జరీ. ఆలస్యం చేయకండి. చూపు బాగానే ఉన్నా షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి.

తెల్లకర్ర టీచర్, తణుకు

దీపికా, నాకూ ఆర్‌పీయే. గవర్నమెంటు స్కూల్లో సోషల్ చెబుతాను. ఇప్పుడు నాకు మిగిలింది ఫీల్డ్ టెస్ట్ (చుట్టూ ఎంత మేర కనపడుతుందో చూసే పరీక్ష) కాగితం మీద నల్లటి చదరం నడుమ చిన్న తెల్లచుక్క. ఇది కూడా ఫోన్ చదివి వినిపిస్తుంటే మాటలతో చెప్పి రాస్తున్నాను.

మీ అమ్మగారు మేనరికం వల్లే ఇలా అయిందని కుమిలిపోతూ ఉంటారు. మా అమ్మా అంతే. ఆవిడకి చెప్పండి: ఆర్‌పీ మేనరికం లేని ఇళ్లలోనూ వస్తుంది. ఒక్కో కుటుంబంలో ఒక్కోలా దిగుతుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలవడం ఒక దారి మాత్రమే, మేనరికంలో దానికి అవకాశం ఎక్కువ. రేపు ఇంట్లో పెళ్లిళ్ల మాట వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుంటే చాలు. జరిగినదానికి ఆవిడని ఎవరూ ఒక్క మాట అనకూడదు.

మందు లేదన్నారని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేశారా? మానకండి. ఆర్‌పీ ఉన్నవాళ్లకి చిన్న వయసులోనే శుక్లం రావచ్చు, అది తీయించుకోవచ్చు. రెటీనా నడిమధ్య నీరు చేరవచ్చు, దానికి చుక్కలు, మాత్రలు ఉన్నాయి. నాకు ఆ నీరు తగ్గాక మళ్లీ పిల్లల కాపీలు దిద్దగలిగాను. సదరం సర్టిఫికెట్ కూడా పెట్టించండి. ఎదురు చూపు బాగున్నా పక్క చూపు ఎంతుందో కూడా లెక్కలోకి తీసుకుంటారు. శాతం సరిపోతే నెలకి 6,000 పింఛను, బస్సు పాసు వస్తాయి.

ఇంకొకటి అడగాలి. ఇంత చర్చ జరుగుతోంది, తోట తాకట్టు దాకా వెళ్లింది. మీ తమ్ముడు ఏమంటున్నాడు? ఎవరైనా అతన్ని అడిగారా?

సుబ్బారావు, భీమవరం

పెద్దనాన్నగారిని రెటీనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. కానీ ఒకటి అడుగుతాను. ఇవన్నీ తయారయ్యాక కూడా కోట్లలో ఉంటాయి కదా?

కణం, మండపేట (ఇప్పుడు హైదరాబాద్)

న్యాయమైన ప్రశ్న అన్నా. 2017 డిసెంబరులో అమెరికాలో ఆమోదం పొందిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స ఉంది. అది స్టెమ్ సెల్ కాదు, ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవాళ్లకే పనిచేస్తుంది. అప్పుడు దాని ధర రెండు కళ్లకీ కలిపి 8,50,000 డాలర్లు. ఏ తండ్రి తోట అమ్మినా సరిపోదు. అందుకే మన దేశంలో జరిగే పని మీద నాకు ఆశ. బెంగళూరులో ఐస్టెమ్ అనే సంస్థ పొడి రకం ఏఎండీ కోసం ఆర్‌పీఈ కణాలు తయారుచేసి మనుషుల్లో ట్రయల్ దాకా వచ్చింది. ఒక్కో మనిషి చర్మం నుంచి విడిగా చేయకుండా, ఒకే మూలం నుంచి చాలామందికి సరిపడా పెంచగలిగితే ధర దిగుతుంది.

పెద్దనాన్నగారి లాంటివాళ్లకే ముందుగా ఏదైనా వస్తుంది, ఎందుకంటే ఏఎండీలో ఏరియేటర్ మార్చడమే ప్రధానమైన పని. అందుకే ఆ కళ్లని ఇంకో ఇంజెక్షన్‌తో పాడుచేసుకోకండి.

దీపిక, మలికిపురం

అందరికీ దండాలు. నాన్నకి మొత్తం చదివి వినిపించాను. ఫ్లోరిడా సంగతి దగ్గర ఆపమన్నారు, మళ్లీ చదవమన్నారు. తర్వాత క్లినిక్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి అడిగాను, ఇది ట్రయలా, ట్రీట్‌మెంటా అని. ట్రీట్‌మెంటే మేడం, గ్యారంటీ అన్నారు. ఏ జన్యువు లోపమో తెలియాలా అంటే అక్కర్లేదు, ఏ కంటి జబ్బుకైనా ఒకటే ఇంజెక్షన్ అన్నారు. మోకాళ్ల నొప్పులకీ అదేనట. నాన్న ఫోన్ తీసుకుని పెట్టేశారు. అడ్వాన్సు కట్టలేదు. మా ఆయనకి కూడా చెప్పాను.

టీచర్ గారూ, మీరు అడిగిన మాట తమ్ముడికి చెప్పాను. వాడే రాస్తానన్నాడు.

దీపిక, మలికిపురం (తమ్ముడు రాస్తున్నాను)

నమస్తే. నన్ను ఎవరూ అడగలేదు టీచర్ గారూ, నేనూ చెప్పలేదు. నాకు ఆ ఇంజెక్షన్ అంటే భయమే, కానీ నాన్న అంత ఆశగా ఉంటే వద్దనలేకపోయాను. నేను డిగ్రీ పూర్తిచేశాను, బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాను. ఎదురు చూపు ఉన్నన్నాళ్లూ చదవాలని ఉంది.

కణం అన్నా, ఒక్కటి సూటిగా చెప్పండి. నా రాడ్స్ పోయాయి, కోన్స్ ఉన్నాయి. ఇంకో పదేళ్లకి నిజమైన ట్రయల్ వస్తే నాకు చోటుంటుందా? ఇప్పుడు నేనేం చేయాలి?

కణం, మండపేట (ఇప్పుడు హైదరాబాద్)

తమ్ముడూ, తారీకు ఇంకా ఎవరి చేతిలోనూ లేదు, చెప్పినవాణ్ని నమ్మకు. కానీ నీ చేతిలో ఉన్నది చాలా ఉంది. నీ కోన్స్ బతికి ఉండడం అన్నిటికన్నా పెద్ద ఆస్తి. అమెరికాలో ఆర్‌పీ మీద జరిగిన ఒక ట్రయల్‌లో రెటీనా పూర్వకణాలని (రెటీనా కణాలుగా ఎదగబోయేవాటిని) కంట్లో వేసింది కూడా కొత్త కణాలు మొలిపించడానికి కాదు, మిగిలిన కోన్స్‌కి బలం ఇచ్చి నిలబెట్టడానికి. ఆ కణాలు రెటీనాకి చెందినవే, పరీక్షలు చేసిన ల్యాబ్‌లో పెంచినవి, కొవ్వు నుంచి తీసినవి కావు.

ముందు జన్యు పరీక్ష చేయించుకో. ఆర్‌పీకి కారణమయ్యే జన్యువులు ఎనభైకి పైగా తెలుసు. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుని వచ్చేయకు, ఎల్వీ ప్రసాద్ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో జన్యు కౌన్సెలింగ్ ఉంటుంది, అమ్మానాన్నలతో కలిసి కూర్చుని విను. మీ అక్క పిల్లల సంగతి కూడా అక్కడే అడగవచ్చు. డాక్టర్ చెప్పకుండా విటమిన్ ఏ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకోకు. స్టార్‌గార్ట్ అనే ఇంకో రెటీనా జబ్బుకి కారణమైన ఏబీసీఏ4 జన్యువు లోపమే కొందరికి ఆర్‌పీలా కనపడుతుంది, వాళ్లకి అవి చెడు చేస్తాయి.

ఏడాదికోసారి ఓసీటీ, ఫీల్డ్ టెస్ట్ చేయించి కాగితాలన్నీ తారీకుల వారీగా ఒక ఫైల్లో పెట్టుకో. ట్రయల్‌వాళ్లు మొదట అడిగేది జబ్బు ఎంత వేగంగా నడుస్తోందని. అలాగే ఇంతకుముందు కంట్లో ఏవైనా కణాలు వేయించుకున్నావా అని అడుగుతారు. వేయించుకున్నవాళ్లని చాలా ట్రయల్స్ తీసుకోవు. ఆ క్లినిక్‌కి వెళ్లి ఉంటే ఆరు లక్షలతోపాటు ఆ అవకాశమూ పోయేది.

ఎవరైనా ట్రయల్ అన్నారంటే సీటీఆర్‌ఐ నంబరు అడుగు. మన దేశంలో 2009 నుంచి ప్రతి ట్రయల్ ఆ ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఫోన్‌లోనే వెతికి చూసుకోవచ్చు. దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్ ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. నంబరు ఉన్నా డబ్బు అడిగితే వెళ్లకు.

ఇక బ్యాంకు పరీక్షకి స్క్రైబ్ (నీ బదులు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం కావాలంటే సదరం సర్టిఫికెట్ దగ్గరుండాలి. నోటిఫికేషన్ పడకముందే స్లాట్ పెట్టించుకో. టీచర్ గారు తణుకులోనే ఉన్నారు కదా, ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఎలా వాడాలో ఆవిడ దగ్గర ఇప్పుడే నేర్చుకో.

తెల్లకర్ర టీచర్, తణుకు

ఆదివారం రమ్మనండి. భోజనం మా ఇంట్లోనే. రాజోలు మీదుగా వచ్చే బస్సు ఎక్కేముందు నాకు మెసేజ్ పెట్టండి, మా అబ్బాయి బస్టాండుకి వస్తాడు.